కంకిపాడు కారులో దాచిన స్పీకరు పెట్టె

“ఆ పీచంతా తీసెయ్ మార్తక్కా. పెట్టెకి ఊపిరాడటం లేదు.”

“నేను కూరింది నేనే తీస్తానా? నిన్నగాక మొన్న వచ్చి నాకు చెప్తున్నావా?”

“వచ్చి ఏడాదిన్నరయింది. డోలక్ లోపల ఎవరన్నా పీచు కూరతారా?”

“ఇది డోలక్ కాదు, కారు.”

“ఆ సంగతి మోతకి తెలుసా?”

“మీ నాన్న భవానీపురంలో డోలక్కులు చేస్తే చేసుకోమను. ఇక్కడ మనం చేసేది సీట్లు. సీటు గురించి నీకేం తెలుసు?”

“నాకు తెలియంది ఉంటే చెప్పు.”

“అడిగితే చెప్తా.”

“నిన్నా? అడగను.”

“అయితే చెప్పను.”

ఈ మాటలు అనుకున్నది పటమటలో, కార్లకీ జీపులకీ సీట్లు కుట్టే రేకుల షెడ్డులో. డెబ్బైల నాటి సంగతి. మార్తక్క అంటే నేను. ఎదురుగా నిలబడి అంత మాటన్నది కరీంబీ. మా పక్కన ఒక అంబాసిడరు, వెనక తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. దాని డిక్కీలో ప్లైవుడ్డు పెట్టె, పెట్టెలో పన్నెండంగుళాల స్పీకరు. కారు తాలూకు ఆయన మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. స్పీకరేమో జలుబు చేసినవాడు దుప్పట్లోంచి మాట్లాడినట్టు మూలుగుతోంది.

ఇప్పుడు మా మనవరాలు, ఇంకో నలుగురు ఆడపిల్లలు కలిసి ఈ సీట్ల పనిలోకి దిగుతున్నారు. నీకు తెలిసింది రాసిపెట్టు నాయనమ్మా అంటే, దాని పాత నోట్సు పుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. చదివింది మూడో తరగతి దాకా. తప్పులుంటే మీరే దిద్దుకోండి. ఏ కారుకి ఎన్ని గజాల రెగ్జిను పడుతుందో ఎవరైనా చెప్తారు. నేను చెప్పేది ఎవరూ చెప్పుకోని సంగతి.

బల్ల దగ్గర నిలబడేది ఒక్కరే

మా పనిలో కత్తెర పట్టేవాళ్ళు వేరు, కుట్టేవాళ్ళు వేరు. రెగ్జిను ఒకసారి తప్పు కోస్తే మళ్ళీ అతికేది కాదు. అందుకని కత్తెర ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆ ఒక్కరూ బల్ల దగ్గర నిలబడతారు. మిగతావాళ్ళం కింద చాప మీద కూర్చుని కుడతాం. వచ్చిన పెద్దమనుషులు తిన్నగా బల్ల దగ్గరికే వెళ్ళి మాట్లాడతారు. కింద కూర్చున్నవాళ్ళ మొహం ఎవరూ చూడరు. అప్పటికి అక్కడ చేరిన ఎనిమిదేళ్ళలో నేను చూసినవన్నీ వచ్చినవాళ్ళ చెప్పులు. ఎవరి చెప్పులు ఎంత అరిగాయో చెప్పమంటే చెప్తాను గానీ, మొహాలు అడక్కండి.

అప్పట్లో కత్తెర పట్టింది దానయ్య మేస్త్రి. ఆయనకి కళ్ళల్లో శుక్లాలు వచ్చాయి. రెండుసార్లు గీత తప్పి కోశాడు. మా యజమాని సుబ్బారావు గారు ఆయన్ని ఒక్క మాట అనలేదు. రిక్షా ఎక్కించి ఇంటికి పంపించి, వచ్చి బల్ల మీద ఒక దుప్పటి కప్పారు. కత్తెర ఆ దుప్పటి కిందే ఉండిపోయింది. కోతల పని తాత్కాలికంగా ఆయనే చూసుకునేవారు, చూసుకుని మళ్ళీ కప్పేసేవారు.

ఆ దుప్పటి తీసే చెయ్యి నాదేనని నేను అనుకున్నాను. ఆ షెడ్డులో నాకంటే ముందొచ్చిన ఆడమనిషి లేదు. నాకంటే సన్నంగా అంచుకి పైపింగు కుట్టే మగమనిషీ లేడు. ఇంట్లో మా ఆయనకి కూడా చెప్పేశాను, ఈ ఏడాది నుంచి నిలబడే పని అని.

అడిగితేనే చెప్పడం

పనిలో చేరిన మొదటి ఏడాది ఒక జీపు సీటుకి తొడుగు కుట్టాను. ఒక్క ముడత లేకుండా అద్దంలా బిగించాను. అందరూ వచ్చి చూశారు. నాలుగో రోజుకి ఆ జీపు తిరిగొచ్చింది. సీటు వీపు కుట్టు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకి చీలిపోయి ఉంది.

నేను బిగిస్తున్నప్పుడు దానయ్య మేస్త్రి పక్కనే నిలబడి బీడీ కాల్చుకున్నాడు. అది చినుగుతుందని ఆయనకి అప్పుడే తెలుసు. రెండు రోజులు ఉక్రోషంతో ఆయన మొహం చూడలేదు. మూడో రోజు వెళ్ళి అడిగాను. అప్పుడు చెప్పాడు. “తొడుగు సీటుకి కాదమ్మాయ్, కూర్చునే మనిషికి. కింద అంచు దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులుంచు. మనిషి ఆనుకున్నప్పుడు ఆ వదులు పైకి పోయి సర్దుకుంటుంది.” ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా అంటే, “నువ్వడిగావా?” అన్నాడు.

మా షెడ్డు పద్ధతి అది. అడగనిదే ఎవరూ ఎవరికీ చెప్పరు. అడిగినవాడికి మాత్రం దాచకుండా చెప్పి తీరాలి. దాచినవాడిని మళ్ళీ ఎవరూ పక్కన కూర్చోబెట్టుకోరు. రెండో సగం మంచిదే. మొదటి సగం మాత్రం చెడ్డ పద్ధతి. ఒకడు నోరు తెరవనందుకు గజాల కొద్దీ రెగ్జిను, నాలుగు రోజుల పని నాశనం అవుతాయి. నాకు దుబారా అంటే ఒళ్ళు మంట. అయినా ఈ పద్ధతి నాకు పనికొచ్చిన రోజున నేనూ దాని వెనకే నక్కాను.

కరీంబీ

కరీంబీ వాళ్ళ నాన్న డోలక్కులు చేసేవాడు. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని తోలు తడపడం, తాళ్ళు బిగించడం చేసిందట. డోలక్కులు కొనేవాళ్ళు తగ్గాక మా షెడ్డుకొచ్చింది. భవానీపురం నుంచి పటమటకి రెండు బస్సులు మారి, నాకంటే ముందు వచ్చి కూర్చునేది. అది నాకు నచ్చలేదు.

ఒకసారి ఒక జీపులో ఎక్కడో గరగరమని చప్పుడొస్తోంది. మెకానిక్కులు రెండు రోజులు వెతికారు. కరీంబీ లేచి వెళ్ళి వేలి కణుపుతో అక్కడా ఇక్కడా తట్టి, ముందు సీటు కింద ఒక స్ప్రింగు మీద వేలు పెట్టింది. “చెవంటే అదీ” అన్నారు సుబ్బారావు గారు. ఎనిమిదేళ్ళలో నా చేతి గురించి ఆయన అలాంటి మాట అనలేదు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. కారియరు మూత పెట్టేసి రాత్రికి అదే తిన్నాను.

తర్వాత ఆమె ఏం చేసినా నాకు తప్పే కనపడేది. కుట్టు అయ్యాక జానెడు దారం వదిలి తెంపేది. నేనైతే గోరంత కూడా వదలను. ఆమె తెంపి పారేసిన ముక్కలన్నీ సాయంత్రం ఏరి ఒక డబ్బాలో వేసేదాన్ని. పనికొస్తాయని కొంత, ఎప్పుడన్నా యజమాని గారి ముందు ఆ డబ్బా కుమ్మరిద్దామని కొంత. ఆమె నవ్వితే నన్ను చూసే అనుకునేదాన్ని. అక్కా అని పిలిస్తే నా వయసు ఎత్తిచూపుతోంది అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆమె నాకు ఏ అపకారమూ చెయ్యలేదు. పని నాకంటే త్వరగా పట్టుకుంది, అంతే. అది చాలదా?

కంకిపాడు ఆయన కోరిక

కంకిపాడులో బియ్యం మిల్లున్న ఆయన ఒక రోజు అంబాసిడరు వేసుకుని వచ్చాడు. భారీ మనిషి. ఆయన దిగితే కారు ఒక పక్కకి లేచేది. మద్రాసు నుంచి టేపు రికార్డరు తెప్పించుకున్నాడు. మైకు సెట్ల కొట్టులో బ్యాటరీ మీద పనిచేసే యాంప్లిఫయరూ, పన్నెండంగుళాల స్పీకరూ కొన్నాడు. ఆయనకి మృదంగం పిచ్చి. చిన్న స్పీకర్లలో పాట వినపడుతుంది గానీ మృదంగం మోత నడుముకి తగలడం లేదని ఆయన బాధ.

“మోత కింద నుంచి రావాలండీ. స్పీకరు మాత్రం ఎవరికీ కనపడకూడదు. మా వియ్యంకుడు కూర్చుని ఎక్కణ్ణించి వస్తోందో తెలియక తల తిప్పుకుంటూ చావాలి” అన్నాడు. ఆ వియ్యంకుడు అంతకు ముందు నెలలో కొత్త కారు కొన్నాడట. నాకు ఆ మిల్లాయన మీద వెంటనే అభిమానం పుట్టింది.

సుబ్బారావు గారు ఆలోచించి ఒక దారి చెప్పారు. డిక్కీలో, వెనక సీటు వీపుకి ఆనించి ప్లైవుడ్డు పెట్టె బిగించాలి. స్పీకరు మొహం సీటు వైపుండాలి. సీటు వీపు మధ్యలో స్పీకరు ఎదురుగా స్ప్రింగులూ పీచూ తీసేసి, గట్టి జాలీ కట్టాలి. దాని మీద రెగ్జినుకి పంచ్ ఉలితో సన్నటి రంధ్రాలు కొట్టి, అవి పువ్వుల డిజైనులా కనపడేట్టు తొడగాలి. చూసేవాడికి సీటే, లోపల స్పీకరు.

పెట్టె లోపలి పని కరీంబీ చెయ్యాలి, తొడుగు నేను కుట్టాలి అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. ఈ కారు బాగా వస్తే, ఇందులో ఎవరి పని మెచ్చుకోదగ్గదో వాళ్ళే బల్ల మీద దుప్పటి తీస్తారని. సుబ్బారావు గారు మంచి యజమానే. కానీ ఇద్దరు పనివాళ్ళకి ఒకే పని మీద పందెం కట్టడం మంచి పని కాదు. మీరు రేపు యజమానులైతే అలా చెయ్యకండి.

నా బుర్ర ఆ క్షణమే పాడైంది. మిల్లాయన మెచ్చుకునేది మోతని. మోత పెట్టెలోంచి వస్తుంది. పెట్టె కరీంబీది. అందుకని నేను లేచి, “పెట్టె నాకివ్వండి, తొడుగు ఆమె చేస్తుంది” అన్నాను. ఆయన నన్నోసారి చూసి, సరే నీ ఇష్టం అన్నారు. అలా ఇద్దరికీ రాని పనే ఇద్దరి చేతికీ వచ్చింది. తెచ్చింది నేనే.

నాకొచ్చిందే చేశాను

వడ్రంగి ప్లైవుడ్డుతో పెట్టె చేసి ఇచ్చాడు. దాన్ని చూస్తే నాకు సీటు లాగే కనపడింది. ఖాళీ అనేది నా కంటికి దోషం. ఎనిమిదేళ్ళు నేను చేసిందల్లా ఖాళీ కనపడితే కొబ్బరి పీచు కూరడం. గుప్పెడు గుప్పెడు కూరి, కర్రతో దట్టించి, స్పీకరు పెట్టేందుకు మాత్రం జాగా ఉంచాను. పీచు కూడా కొత్తది వాడలేదు, పాత సీట్లది దులిపి వాడాను. లోపల కదిలేది ఏమీ ఉండకూడదు, గట్టిగా ఉంటేనే మోత గట్టిగా ఉంటుందని నా లెక్క.

వైరు కలిపితే మూలుగు వచ్చింది. అక్కణ్ణించే మొదట్లో రాసిన తగువు.

“అయితే చెప్పను” అని నేనన్నాక సుబ్బారావు గారు వచ్చారు. టేపు ఒకసారి విని, “కరీంబీ చెప్పినట్టు తియ్యమ్మా” అన్నారు నాతో. నేను తియ్యలేదు. మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమే కూర్చుని తీసింది. గోనె సంచీడు పీచు వచ్చింది. తర్వాత రంపపు పొట్టు వజ్రం బంకలో కలిపి, పెట్టె మూలలన్నీ గాలి పోకుండా మెత్తింది. ఎండలో పెట్టింది. ఆరాక లోపల ఒక వైపు పల్చగా దూది అంటించింది. అంతే. మిగతాదంతా ఖాళీ.

మళ్ళీ వైరు కలిపారు. మృదంగం మొదటి దెబ్బకి షెడ్డు రేకులు అదిరాయి. రెండో దెబ్బకి బల్ల మీద దుప్పటి కింద కత్తెర గణగణలాడింది. అందరూ నవ్వారు. నేను ఆ కత్తెర చప్పుడే విన్నాను.

మేకులు అందించిన సాయంత్రం

ఇక తొడుగు మిగిలింది. ఆమె కొట్టిన రంధ్రాల డిజైను బాగుంది, కాదనను. ఎండకి రెగ్జిను మెత్తబడి సాగుతోంది. ఆ మెత్తదనంలో ఆమె దాన్ని లాగింది. తడి తోలుని డోలక్ మీద లాగినట్టు, రెండు కాళ్ళూ సీటుకి తన్నిపెట్టి లాగింది. డోలక్ కి అది మంచిదే, తోలు ఆరి బిగుసుకుంటే నాదం వస్తుంది. సీటుకి కాదు. రెగ్జిను తెల్లారేసరికి చల్లబడి బిగుసుకుంటుంది. పైగా దీనికి రంధ్రాలున్నాయి. పైగా వచ్చి ఆనుకునేది ఆ భారీ మనిషి.

చిన్న మేకులు అందించడానికి నేను పక్కనే కూర్చున్నాను. ఒక్కొక్క మేకే ఇచ్చాను. ఒక్కొక్కటి ఇచ్చినప్పుడల్లా, అడగలేదుగా, అడగలేదుగా అనుకున్నాను. మధ్యలో ఆమె ఒకసారి చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఏదో అడగబోయింది అనిపించింది. నేను మేకుల డబ్బాలోకి చూశాను. ఆమె మళ్ళీ లాగింది.

గజం పైన రెగ్జిను పాడైపోతుందని తెలిసి ఊరుకున్నాను. జీవితంలో తెలిసి నేను చేసిన దుబారా అదొక్కటే. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే నా ఒళ్ళు తేలిగ్గా ఉంది. అది కూడా రాస్తున్నాను, ఎందుకంటే కుళ్ళు ఎప్పుడూ మంటలాగే ఉంటుందని మీరు అనుకుంటారు. ఒక్కోసారి హాయిగా కూడా ఉంటుంది. అలా హాయిగా ఉన్న రోజునే జాగ్రత్తగా ఉండండి.

మర్నాడు పొద్దున

మిల్లాయన తొమ్మిదింటికి వచ్చాడు. వెనక సీట్లో కూర్చున్నాడు. సుబ్బారావు గారు టేపు పెట్టారు. మృదంగం మోగింది. ఆయన కాళ్ళ కిందకి చూశాడు, ముందు సీట్ల కిందకి వంగి చూశాడు, తలుపులు తడిమాడు. కనపడలేదు. “ఎక్కడ పెట్టారయ్యా” అని పడీ పడీ నవ్వుతూ వెనక్కి వాలాడు.

రెగ్జిను చినిగింది. తపాలా బిళ్ళలు చించినట్టు రంధ్రాల వెంబడి తిన్నగా చినిగింది. మృదంగం మోగుతూనే ఉంది. ఆయన వీపు వెనక స్పీకరు కనపడుతోంది.

టేపు ఆపారు. బిగించింది ఎవరని సుబ్బారావు గారు అడిగారు. “నేనేనండి” అంది కరీంబీ.

ఆయన నా వైపు తిరిగారు. “నువ్వు పక్కనే ఉన్నావుగా మార్తమ్మా. నీకు తెలియలేదా?”

“చూసుకోలేదండి” అన్నాను.

ఆయన బల్ల వైపు చూశారు. నేనూ చూశాను. దుప్పటికీ నాకూ మధ్య నాలుగడుగుల దూరం, అడ్డం ఎవరూ లేరు.

అప్పుడు కరీంబీ కారు దగ్గర నుంచి నడిచి వచ్చింది. వచ్చి చాప మీద నా ఎదురుగా కూర్చుంది. అందరికీ వినపడేట్టే అడిగింది.

“ఎంత వదులు పెట్టాలి అక్కా?”

తెలియదంటే సరిపోయేది. ఒక్క మాట. బల్ల నాదయ్యేది. కానీ ఆమె అడిగింది. దానయ్య మేస్త్రి నాకు చెప్పింది కూడా అడిగినందుకే.

“రెండు వేళ్ళు” అన్నాను. “రంధ్రాలున్న చోట మూడు. ఎండలో లాగకు.”

చూసుకోలేదన్న మనిషికి ఇదంతా ఎలా తెలుసని సుబ్బారావు గారు అడగలేదు. వెళ్ళి దుప్పటి తీసి, మడిచి పక్కన పెట్టి, కత్తెర తెచ్చి కరీంబీకి ఇచ్చారు.

ఆమె బల్ల దగ్గర నిలబడి కొత్త ముక్క పరిచింది. “అక్కా, చెయ్యి ఇలా ఇవ్వు” అంది. లేచి వెళ్ళాను. అంచు దగ్గర నా మూడు వేళ్ళు ఆనించి, సుద్దతో గీత గీసింది. గీత మీద కోసింది. నేను చాప మీదకి వచ్చి కూర్చుని కుట్టాను. మధ్యాహ్నం భోజనాల లోపు కారు మృదంగం మోగించుకుంటూ బందరు రోడ్డెక్కింది. ఆమె కత్తెర తుడుచుకుంటుంటే, నేను కింద పడ్డ దారం ముక్కలు ఏరి డబ్బాలో వేసుకున్నాను.